కారుకి తలంటు

ఇంట్లో ఉన్న వస్తువులన్నిటిలోకీ స్నానయోగం పట్టింది కారుకొక్కదానికే. బీరువాకి ఎవరూ నీళ్లు పొయ్యరు. రేడియోకి నలుగు పెట్టరు. కుట్టుమిషనుకి పండక్కి బొట్టు పెడతారు గాని తలంటు పొయ్యరు. కారుకి మాత్రం నీళ్లు, నురుగు, తుడుపు, ఆ మీదట మైనం, ఆ మైనాన్ని మళ్లీ తుడవడం. పెళ్లికూతురికైనా ఇంత చెయ్యరేమో! తిరిగే వస్తువు గనక దుమ్ము పడుతుంది, కడుగుతారు, ఇందులో వింతేముంది అని మీరు చప్పున అనేస్తారని నాకు తెలుసు. సైకిలూ తిరుగుతుంది గదండీ! సైకిలు తుడుచుకునేవాణ్ణి చూశాం గాని, దానికి మైనం పట్టించి, నీడన నిలబెట్టి, ఆరిందో లేదో వేలితో గీసి చూసేవాణ్ణి నేనైతే చూళ్లేదు. దీనికొక చరిత్ర ఉంది. ఆ చరిత్ర కొంత షికాగోలోనూ, కొంత బ్రెజిల్లోనూ, మిగిలింది మా రావులపాలెంలోనూ జరిగింది.

మా ఊరు తెలియనివాళ్లకి ఒక్క మాట. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్దరోడ్డు గోదావరి పాయల్ని దాటే చోట, గౌతమికి ఇవతలి గట్టున ఉంది రావులపాలెం. అవతల జొన్నాడ. ఇటు పోతే సిద్ధాంతం దగ్గర వసిష్ఠ తగులుతుంది. అరటిగెలల మార్కెట్టుకి పేరు పడ్డ ఊరు. కోనసీమకి గుమ్మం మా ఊరే అని మేం కొంచెం గొప్పగా చెప్పుకుంటాం. గౌతమి మీద వంతెన లేని రోజుల్లో కార్లు పంటు ఎక్కి ఏరు దాటేవని మా తాతగారు చెప్పేవారు. రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిస్తే పంటు. అది అవతలి గట్టు నుంచి వచ్చేదాకా ఇవతల పడిగాపులు. ఆ ఖాళీలో దొరగారు చెట్టు కింద కుర్చీ వేయించుకుంటే, కూడా వచ్చిన కుర్రాడు గోదాట్లో నీళ్లు ముంచి కారు కడిగేసేవాడట. ఏరు దాటేసరికి కారు తళతళలాడేది, కుర్రాడు తడిసి ముద్దయ్యేవాడు.

ఆ కుర్రాడి పేరే క్లీనరు. మన లారీలవాళ్ల నోట్లో కిలీనరు. ఈ మాట గురించి ఎప్పుడైనా ఆలోచించారా? లారీ క్లీనరు చేసే పనుల్లో శుభ్రం చెయ్యడం ఆఖరిది. చక్రం కింద చెక్క పెట్టేవాడు వాడు, వెనక్కి రానీ రానీ అని కేకవేసేవాడు వాడు, తాళ్లు బిగించేవాడు వాడు, రాత్రిపూట డ్రైవరు కునికితే కబుర్లు చెప్పేవాడూ వాడే. అయినా పేరు మాత్రం క్లీనరు. తొలిరోజుల మోటారుకి కడిగేవాడు లేకపోతే బతుకే లేదు, అందుకని ఆ పేరు అంటుకుపోయింది. మట్టిరోడ్లు, పైన కప్పు లేని బండి, గొలుసులకీ ఇరుసులకీ బాహాటంగా కారే నూనె. ఆ మాటకొస్తే షోఫరు అనే దర్జా మాట మాత్రం తక్కువదా? అది ఫ్రెంచి మాట. అసలర్థం కొలిమికి మంట ఎగదోసేవాడని. ఆవిరితో నడిచే బండ్ల కాలంలో పుట్టింది. మంట వేసేవాడు దొరబాబులా టోపీ పెట్టుకుని ముందు సీటెక్కాడు, కడిగేవాడు కడిగేవాడిగానే మిగిలిపోయాడు.

తొలి కార్లకి ఇత్తడి ఎక్కువ. కార్బైడు దీపాలు ఇత్తడివి, రేడియేటరు చుట్టూ ఇత్తడి, హారను ఇత్తడిది. ఇత్తడి అంటే మనకి కొత్తా? చింతపండూ బూడిదా పట్టుకుంటే ఇత్తడి బిందెకీ ఇత్తడి దీపానికీ తేడా ఏముంది! ఇంగ్లండులో 1905లో బ్రాసో అనే ద్రావకం బయల్దేరింది. అది మన బజార్లకీ వచ్చి, స్కూళ్లలో కవాతు చేసే పిల్లల బెల్టు బకిల్సు దాకా పాకింది. కాని ఇత్తడితో వచ్చే చిక్కు కాదు అసలు చిక్కు. రంగుతో వచ్చింది.

గుర్రబ్బండ్లకి వేసినట్టే మొదట కార్లకీ వార్నీషు పూసేవారు. పూత మీద పూత, ఒక్కొక్క పూతా ఆరాలి, గరగరలాడే కాయితంతో రుద్దాలి, మళ్లీ పుయ్యాలి. ఒక్క కారు రంగు పూర్తి కావడానికి వారాలు పట్టేది. ఫోర్డు కంపెనీ 1914 నుంచి 1925 దాకా తన మోడల్ టి కార్లన్నిటికీ నల్లరంగే వేసింది. ఆ మధ్యలో డ్యూపాంట్ కంపెనీ గంటల్లో ఆరిపోయే కొత్తరకం లక్కరంగు కనిపెట్టి, దానికి డ్యూకో అని పేరు పెట్టింది. 1924 మోడలు ఓక్లాండు కారు ఆ రంగుతో, నీలంగా, బజార్లోకొచ్చింది. ప్రపంచమంతా ఆ పేరుని ఎప్పుడో మర్చిపోయినా మన వడ్రంగులూ పెయింటర్లూ మర్చిపోలేదు. మంచం కోళ్లకి నిగనిగలాడే రంగు వెయ్యమంటే, ‘డ్యూకో కొట్టమంటారా అండి?’ అని ఈవేళా అడుగుతారు.

ఈ డ్యూకోకి ఒక దోషం ఉంది. వేసిన రోజు దాని మెరుపు ఇంతా అంతా కాదు. ఎండకి ఉంచితే మెల్లిగా పైపొర చచ్చి సుద్దలా తయారవుతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే కారు రంగు గుడ్డకి అంటుకొస్తుంది. తర్వాత వచ్చిన ఎనామిలు రంగులు కొంచెం గట్టివేగాని వాటి జాతకమూ ఇంచుమించు అదే. ఆ చచ్చిన పొరని మెత్తటి పొడి కలిసిన లేపనంతో గీకెయ్యాలి. గీకాక, గాలీ ఎండా నీళ్లూ మళ్లీ తగలకుండా పైన మైనం పొయ్యాలి. కడగడం, పాలిషు, మైనం అని మూడు పనులు విడివిడిగా పుట్టింది ఇందుకు. కడగడం దుమ్ముకి, పాలిషు ముసలితనానికి, మైనం రాబోయే ముసలితనానికి. షికాగోలో 1910 ప్రాంతాల సైమనీజు అనే మైనం డబ్బా ఎంత పేరు కొట్టిందంటే, కారుకి మైనం పెట్టడానికి ఇంగ్లీషులో ఆ పేరే క్రియాపదం అయి నిఘంటువుల్లోకి ఎక్కింది.

ఏ మైనం? ఇక్కడే మనవాళ్లకి ముచ్చటైన సంగతి ఉంది. తేనెతుట్టె మైనం 62, 64 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. మే నెలలో మా ఊళ్లో నడిఎండలో నిలబెట్టిన నల్లకారు టాపు మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఆ మైనం గతేమవుతుందో తెలుస్తుంది. కారుకి కావలసింది కార్నూబా మైనం. ఇది 82 డిగ్రీలు దాటితేగాని కరగదు. ఈశాన్య బ్రెజిల్లో పెరిగే ఒక చెట్టు ఆకుల మీద పుడుతుంది. ఆ చెట్టు మరేదో కాదు, మన తాడికి దాయాది. అదే విసనకర్ర ఆకు, అదే నిటారు బోదె. వానలు లేని ఆ దేశంలో ఆకులో తడి ఎగిరిపోకుండా చెట్టు తన ఆకులకి తనే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి ఎండబెట్టి బాదితే పొడిలా రాలుతుంది. ఆ పొడి కరిగించి, టర్పెంటైనులోనూ ఇతర మైనాల్లోనూ కలిపి డబ్బాల్లో పోస్తారు. బూటు పాలిషులోనూ ఇదే ఉంటుంది. తాటాకు కప్పుకుని, తాటిముంజెలు తిని, తాటిబెల్లం వండుకున్న మనకి మన చెట్టు చుట్టం కారెక్కిందని తెలియకపోవడం న్యాయమేనా?

ఈ మైనం కోసం విమానం ఎక్కినవాడున్నాడు. అమెరికాలో రెసీన్ అనే ఊళ్లో జాన్సన్ అనే ఆయన 1886లో చెక్కనేలల వ్యాపారం పెట్టాడు. నేల పరిపించుకున్నవాళ్లంతా ‘దీన్ని మెరిపించడం ఎలాగయ్యా’ అని అడుగుతుంటే మైనం అమ్మడం మొదలెట్టాడు. చివరికి నేల పోయి మైనమే మిగిలింది. ఆయన మనవడు 1935లో నీళ్ల మీదా నేల మీదా దిగగల సికోర్‌స్కీ విమానంలో బ్రెజిలు దాకా వెళ్లి ఆ చెట్లు ఎన్నున్నాయో, ఎన్నాళ్లు సరిపోతాయో చూసొచ్చాడు. 1998లో ఆయన కొడుకు, తన కొడుకుల్ని వెంటబెట్టుకుని, అదే రకం విమానం మళ్లీ చేయించుకుని అదే దారిన ఎగిరాడు. మైనానికి ఇంత పితృభక్తి!

మన హైదరాబాదు సంగతీ చెప్పుకోవాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రోల్స్‌రాయిస్ సిల్వర్‌ఘోస్టు కారొకటి ఆర్డరిచ్చి, అది చేరకుండానే 1911లో కాలం చేశాడు. సింహాసనంలాంటి సీటున్న పసుపుపచ్చ కారు అది. ఏడో నిజాం కాలంలో వచ్చి, 400 మైళ్లు కూడా తిరక్కుండా శాలలో ఉండిపోయింది. చౌమహల్లా ప్యాలెస్‌లో చూడొచ్చు. తిరిగినదానికంటే తుడిపించుకున్నది ఎక్కువైన కారు లోకంలో ఇదొక్కటే కాబోలు.

పోనీండి, మహారాజుల మాట వదిలి మా పెదమావయ్య దగ్గరికి వద్దాం. పెదమావయ్యది అరటిగెలల వ్యాపారం. 1969లో అంబాసిడరు కారు కొన్నాడు. నల్లది. కారుకి పేరు రాయించుకుంటే ఏళ్లకి ఏళ్లు ఆగవలసిన కాలమది. చేతికొచ్చాక మళ్లీ ఇంకోటి కొనే ఆశ ఉండేది కాదు. కొడుకు పెళ్లికీ, మనవడి బారసాలకీ అదే కారు రావాలి. అందుకని దాని ఒంటి మీద శ్రద్ధ అంటే విలాసం కాదు, పొలానికి గట్టు వేసుకోవడంలాంటిది. డ్రైవర్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. పదకొండో ఏట లారీ మీద క్లీనరుగా చేరినవాడు. స్టీరింగు ముట్టుకోవడానికి ఏడేళ్లు పట్టిందని చెప్పేవాడు. ఏడేళ్లూ కడగడమే. సరిగా కడక్కపోతే పానాతో మోకాలి చిప్ప మీద ఒకటి ఇచ్చేవారట. ఆ మచ్చ చూపించేవాడు, గర్వంగానో కోపంగానో నాకెప్పుడూ తెలియలేదు. చదువు రాదు. కాని కళ్లు మూసుకుని బానెట్టు మీద చెయ్యి రాసి ఏ చోట రాయి తగిలిందో చెప్పేవాడు.

మొదట్లో కారు స్నానం కాలువలోనే. గేదెలూ ఎడ్లూ దిగే రేవులోకి ముందుచక్రాలు దింపి, బకెట్లతో కొట్టడం. కనుమనాడు ఎడ్లని కడిగిన రేవే గదా, కారు కూడా ఇంటి పశువే అనుకున్నారు. ఒకరోజు వీధి చివరింటి ముసలావిడ బిందె పట్టుకుని కాలవకొచ్చింది. నీటి మీద ఇంద్రధనస్సులా నూనె తేలుతోంది. ఆవిడ బిందె గట్టున పెట్టి, ‘ఒరేయ్ అబ్బాయ్, ఎద్దు మురికైతే మట్టే గదా అని తాగాం. నీ కారు చమురు కూడా తాగాలేట్రా?’ అంది.

బాబాయ్ మాట్లాడలేదు. కాలవ సంగతి తెలియనివాళ్లకి ఆ ప్రశ్న బరువు తెలియదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పట్నించీ కోనసీమకి ప్రాణం కాలవే. పొలానికీ అదే, పడవకీ అదే, మంచినీళ్ల చెరువుకీ అదే. ఎండాకాలం కాలవ కట్టేసే ముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. సముద్రం వేపు పోయినకొద్దీ భూమిలో నీళ్లు ఉప్పన, చెరువు తప్ప దిక్కులేదు. మా రేవులో కడిగిన నూనె దిగువ ఊళ్లవాళ్ల బిందెల్లోకి చేరుతుంది. ముసలావిడ మాట ఆ సాయంత్రానికే పెదమావయ్య చెవిన పడింది. ఆయన ఏమనుకున్నాడో గాని, మర్నాటి నుంచి కారు ఇంటి దగ్గరే కడగాలన్నాడు. మా వీధిలో కారు ఇంట్లో కడగడం అనే నాగరికత అలా వచ్చింది.

ఇంట్లో అంటే పెరట్లో. గోదావరి జిల్లా పెరట్లో నీళ్లు ఎక్కడ పారబోసినా అరటిబోదె మొదట్లోకే పోతాయి. స్నానాల నీళ్లు, గిన్నెల నీళ్లు అన్నీ దానికే. కారు నీళ్లూ అటే మళ్లించారు. బాబాయ్ లారీల అలవాటు కొద్దీ బకెట్లో గుప్పెడు చాకలిసోడా వేసి కారు కడిగాడు, చక్రాలు కిరసనాయిలుతో తుడిచాడు. నాలుగు వారాలయ్యేసరికి అరటాకు అంచులు మాడిపోయాయి. అరటి వ్యాపారి ఇంట్లో అరటిచెట్టు చావడమంటే మాటలా? మా అత్తయ్య వంటింట్లోంచి కుంకుడుకాయల బుట్ట తెచ్చి బాబాయ్ ముందు పడేసి, ‘ఇకనించి దీంతో రుద్దు. నా తల మాయలేదు, నీ కారు మాస్తుందా?’ అంది.

మాయలేదు సరిగదా, సోడా కంటే వెయ్యిరెట్లు బాగుంది. దీనికి కారణాలున్నాయి. సోడా మురికితో బాటు మైనాన్నీ, రంగులో ఉన్న జిడ్డునీ కూడా లాగేస్తుంది. బట్టలసబ్బు బావినీళ్లలో ఉన్న సున్నంతో కలిసి తెల్లటి మడ్డి కడుతుంది, అది ఆరితే చారలు. కుంకుడు నురుగుకి ఆ బాధ లేదు. గట్టినీళ్లలోనూ నురుగు వస్తుంది, మెత్తగా మురికిని లేపుతుంది, అరటికి అపకారం చెయ్యదు. కుంకుడురసం కంట్లో పడితే ఏమవుతుందో పిల్లలందరికీ అనుభవమే. కారుకి కళ్లున్నా ఏడవదు, అదొక సౌకర్యం.

బాబాయ్ పద్ధతి నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. తెల్లారేసరికి అయిపోవాలి, ఎండ తగిలిన రేకు మీద నీళ్లు పడకూడదు. మామిడిచెట్టు కింద పెట్టకూడదు, జీడి కారుతుంది. కాకి రెట్ట పడిందంటే స్నానం దాకా ఆగకుండా ఆ క్షణమే తడిగుడ్డతో తియ్యాలి, లేకపోతే రంగులోకి దిగుతుంది. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే ఆయనకి పూనకం వచ్చేది. దుమ్ములో ఇసక ఉంటుంది, పొడిగా రుద్దితే ఆకురాయి వేసినట్టే. ముందు చక్రాలు, వాటికి కొబ్బరిపీచు. ఆ పీచు, ఆ బకెట్టు ఒంటి మీదకి రాకూడదు. తరవాత టాపు, అద్దాలు, బానెట్టు, చివరికి తలుపుల అడుగులు. పైనించి కిందకి, నీరు పోయే దారినే చెయ్యి పోవాలి. ఆఖర్న షామీ తోలు. ఇది మొదట్లో ఆల్ప్సు కొండల్లో తిరిగే ఒక అడవిమేక తోలుతో చేసేవారట, తరవాత గొర్రెతోలుకి చేపనూనె పట్టించి చేస్తున్నారు. తడిపి, పిండి, పరిచి లాగితే నీటిచుక్క మిగలదు. అది తోలని తెలిశాక అమ్మమ్మ దాన్ని వసారా మెట్టెక్కనివ్వలేదు. ఎడ్లకొట్టంలో మేకుకి వేలాడేది.

పాలిషు ఆర్నెల్లకోసారి, మైనం రెండు నెలలకోసారి. బుగ్గకి పౌడరు రాసినంత పల్చగా రాయాలి. మందంగా రాస్తే మెరుపు ఎక్కువొస్తుందనుకోవడం కొత్తకారువాళ్ల భ్రమ. మైనం తెల్లగా పొగమంచులా ఆరాక పచ్చగుడ్డతో తుడిస్తే, బానెట్టులో కొబ్బరిమట్టలు కనపడేవి. నా మొహం కూడా కనపడేది, కొంచెం వెడల్పుగా. ఎదురింటాయన కారు లేకపోయినా సలహాలున్న మనిషి. బంపరుకి కొబ్బరినూనె రాయమనేవాడు. కొబ్బరి దేశంలో ఇది సహజమేగాని, ఆ నూనెకి దారిలో దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది. డీజిలుగుడ్డతో ఒళ్లు తుడిచి మెరిపించే టాక్సీవాళ్లదీ ఇదే కథ. మధ్యాహ్నం దాకా పెళ్లికొడుకు, సాయంత్రానికి మట్టిబొమ్మ.

ఒక చిన్న పరికరం గురించి చెప్పకపోతే పాపం. కొబ్బరి ఈనెపుల్ల. తలుపుల అడుగున వాననీళ్లు కారిపోవడానికి సన్నటి బెజ్జాలుంటాయి. ఆకూ మట్టీ చేరి అవి పూడితే నీళ్లు తలుపులోనే నిలిచి, లోపలినుంచి తుప్పు తినేస్తుంది. పైన ఎంత మైనం పూసినా ఏం లాభం? బాబాయ్ కడిగిన ప్రతిసారీ ఈనెపుల్లతో ఆ బెజ్జాలు పొడిచేవాడు. అంతర్వేది తీర్థం వెళ్లొచ్చిన మర్నాడైతే కారు అడుగంతా మంచినీళ్లతో రెండుసార్లు కొట్టేవాడు. సముద్రపుగాలిలో ఉప్పు ఇనుముకి కంటికి కనపడని చెద.

ఇంతకీ కడగడం అంటే ఆయన దృష్టిలో అందం కాదు, సోదా చెయ్యడం. పెదమావయ్య పెద్దకూతురి పెళ్లి రాజమండ్రిలో. తెల్లారుఝామున బయల్దేరాలి. పెళ్లికూతురూ, అత్తయ్యా, ఇద్దరు పిల్లలూ అంబాసిడర్లో, మిగతావాళ్లు బస్సులో. అర్ధరాత్రి దాటాక లాంతరు పెట్టుకుని బాబాయ్ చక్రాలు కడుగుతున్నాడు. ఇంత రాత్రి కడగడమేమిటని అందరూ నవ్వారు. కాసేపటికి లేచొచ్చి, ‘ఇయ్యాళ బండి కదల్దండి, బాబుగారూ’ అన్నాడు.

పెదమావయ్యకి చిర్రెత్తుకొచ్చింది. ముహూర్తం, వియ్యాలవారు, పరువు, అన్నీ ఏకరువు పెట్టాడు. బాబాయ్ లాంతరు పట్టుకుని ఆయన్ని వెనకచక్రం దగ్గరికి తీసుకెళ్లాడు. చక్రం లోపలివేపు టైరు పక్కన ఒక తడిచార. నీళ్లయితే ఆరిపోతాయి, ఇది ఆరలేదు. వేలితో తీసి వాసన చూపించాడు. బ్రేకు ఆయిలు. నాలుగు చక్రాల బ్రేకులకీ ఒకటే గొట్టం, ఒకటే ఆయిలు. ఒకచోట కారితే నాలుగూ పోయినట్టే. మధ్యలో గౌతమి వంతెన ఉంది. పెదమావయ్య ఆ వేలికేసి చూస్తూ చాలాసేపు నించున్నాడు. పెళ్లికూతురు అరటిగెలలు మోసే లారీలో, డ్రైవరు పక్కన కూచుని అత్తవారి ఊరు వెళ్లింది. కొన్నాళ్లు మా బంధువుల్లో అదొక హాస్యం. మా వదిన మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా బాబాయికి ధోవతులచాపు తెచ్చేది.

దసరాకి కారుకి పసుపూ కుంకం పెట్టడం దగ్గరా బాబాయికి అత్తయ్యతో తగువే. పసుపు రంగులోకి ఇంకుతుందని ఆయన భయం. వద్దనడానికి వీల్లేదు, అమ్మవారి పండుగ. ముందురోజు రాత్రి బానెట్టుకి గట్టిగా మైనం పట్టించేవాడు. మర్నాడు అత్తయ్య చేతులారా బొట్లు పెట్టేది. ఆ మర్నాడు తుడిస్తే మైనంతో బాటు వచ్చేసేవి. భక్తికీ రంగుకీ మధ్య తాడిచెట్టు చుట్టం అడ్డుపడ్డదన్నమాట.

1986 ఆగస్టులో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు. అంతకు ముందుగాని తరవాతగాని అంత నీరు ఎవరూ చూడలేదు. కారుని పెద్దరోడ్డు మెరక మీదకి చేర్చి వారం రోజులు బాబాయ్ అందులోనే పడుకున్నాడు. నీళ్లు తీశాక తెలిసినవాళ్ల కారొకటి ఒండ్రులో సగం దాకా కూరుకుని కనపడింది. ఆ ఇంటివాళ్లు మట్టి ఎండితే రాల్చుకోవచ్చని ఆగారు. బాబాయ్ చెప్పకుండానే వెళ్లి నీళ్లు కొట్టడం మొదలెట్టాడు. గోదావరి ఒండ్రు పచ్చిగా ఉంటే వెన్న, ఎండితే ఆకురాయి.

కాలం మారింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళంచెవులు ఇందిరాగాంధీ చేతులమీదుగా ఒక గృహస్థుకి అందాయి. ఆ కారుతో డ్రైవరు లేని యజమాని పుట్టాడు. తానే నడుపుకుంటాడు, ఆదివారం తానే లుంగీ కట్టుకుని కడుగుకుంటాడు. వీధిలో అందరూ చూస్తుండగా వెనకటి కాలంలో చెయ్యని పని చెయ్యడం ఒక గొప్ప అయింది. ఇది మంచి మార్పేనని నా అభిప్రాయం, తన బండి మురికి తన చేతికి తగలడం ఎవరికీ చెడ్డ కాదు. తరవాత రంగు మీద పారదర్శకమైన పూత ఇంకొకటి వేసే పద్ధతొచ్చింది. రంగు ఇప్పుడు గాలికి తగలదు, సుద్ద రాలదు, పాలిషుతో పని తగ్గింది. పాతలెక్కన ఆర్నెల్లకోసారి గీకేవాళ్లు రంగుని కాపాడ్డం లేదు, ఆ పైపూతనే పల్చన చేస్తున్నారు.

నీళ్లలెక్క కూడా మారింది. బాబాయికి పదిహేను లీటర్ల బకెట్లు మూడు చాలేవి. గొట్టం పెట్టి వదిలేస్తే నిమిషానికి పది లీటర్లు పైబడి పోతాయి, అరగంట కడిగితే మీరే కట్టుకోండి. బెంగుళూరులో 2024 మార్చిలో నీళ్ల కరువొచ్చి, తాగేనీళ్లతో కారు కడిగితే 5000 రూపాయల జుల్మానా అన్నారు. కాలవగట్టు ముసలావిడ రూపాయి జుల్మానా లేకుండానే ఆ పని చేసింది.

పెదమావయ్య అంబాసిడరుని 1991లో అమ్మేశాడు. బేరానికొచ్చినవాడు జేబులో అయస్కాంతం తెచ్చాడు. తుప్పు తిన్నచోట లప్పం పూసి రంగేస్తే అయస్కాంతం అంటుకోదు, అదీ వాళ్ల కిటుకు. తలుపుల అడుగులన్నీ వెతికాడు. అన్నిచోట్లా టక్కున అంటుకుంది. వాడు మాట్లాడకుండా అడిగినంతా ఇచ్చి తీసుకుపోయాడు. ఆ అంబాసిడరు జాతే 2014లో ఫ్యాక్టరీలో ఆగిపోయింది.

కారు పోయాక బాబాయ్ పెద్దరోడ్డు పక్కన ఒక వాటర్‌సర్వీసు షెడ్డులో చేరాడు. కడిగే ఓపిక లేదు. స్టూలు మీద కూచుని, పంపుతో కొట్టే కుర్రాళ్లకి ‘చక్రం లోపలేపు చూడ్రా’ అని చెప్పడమే ఉద్యోగం. వాళ్లని ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. షెడ్డు వెనక నీళ్లు పల్లంలోకి పోయి కాలవలో కలుస్తుంటే, తనే పార పట్టుకుని బోదె తవ్వి పక్కనున్న అరటిపిలకలకి మళ్లించాడు. రెండేళ్లు గెలలు బాగా దిగాయి. తరవాత యజమాని నురుగు బాగా వచ్చే కొత్తరకం మందేదో డబ్బాల్లో తెప్పించాడు. నెల తిరక్కుండా అరటాకుల అంచులు మాడడం మొదలయింది. బాబాయ్ మాడిన ఆకొకటి కోసి తీసుకెళ్లి యజమాని బల్ల మీద పెట్టాడు. యజమాని రెండ్రోజులు ఆలోచించి, ఆ అరటిచెట్లు కొట్టించేశాడు.